వేడెక్కితే ఆగిపోయే కారు: కాయిల్ లోపాన్ని పట్టుకునే క్రమం

పెట్రోలు కారులో బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. సిలిండర్‌లో ప్లగ్ మొనల మధ్య నిప్పు దూకాలంటే వేల వోల్టులు కావాలి. బండి బరువు లాగేటప్పుడు పది వేలు దాటినా చాలదు. 12ను వేలల్లోకి పెంచే భాగం ఇగ్నిషన్ కాయిల్. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతీ 800 వంటి కార్లలో బానెట్ ఎత్తగానే కనిపించే గుండ్రటి లోహపు డబ్బా ఇదే. పైన నల్లటి మూత, మూత మధ్య నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే లావుపాటి వైరు, ఆ వైరుకు రెండు పక్కలా రెండు చిన్న టెర్మినళ్లు ఉంటాయి. డీజిల్ అంబాసిడర్‌లో ఇది ఉండదు. అక్కడ గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడితోనే ఇంధనం మండుతుంది కాబట్టి ఆ బండికి ఈ అధ్యాయంతో పని లేదు.

అంబాసిడర్, మారుతీ 800 తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరాక ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ రాజమండ్రి, భీమవరం, అమలాపురం వైపు ఇంకా తిరిగే ఇలాంటి బండ్లకు తరచూ వచ్చే జబ్బు ఒకటే: చల్లగా ఉన్నంతసేపు బాగానే నడుస్తుంది, వేడెక్కితే ఆగిపోతుంది. ఈ మాట చెవిన పడగానే చాలా చోట్ల మొదట మార్చేది కాయిల్‌నే. నిజానికి అనుమానితుల వరసలో అది చివర నిలబడాలి. కండెన్సర్, పాయింట్లు, రోటర్, క్యాప్, ప్లగ్ వైర్లు, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ స్విచ్ కూడా దాదాపు ఇదే లక్షణం చూపిస్తాయి. కాయిల్‌దే తప్పని తేల్చడానికి రెండు షరతులు నెరవేరాలి. మిగతావన్నీ వరసగా పరీక్షలో నెగ్గాలి. బండి మొండికేసిన ఆ వేడిలోనే కాయిల్ పరీక్ష జరగాలి.

డబ్బా లోపల

కాయిల్ మధ్యలో ఇనప రేకుల కడ్డీ ఉంటుంది. దాని మీద రెండు తీగచుట్లు. లావు తీగతో కొన్ని వందల చుట్లు వేసినది ప్రైమరీ. వెంట్రుకంత సన్నని తీగతో అనేక వేల చుట్లు వేసినది సెకండరీ. రెండింటి నిష్పత్తి సుమారు ఒకటికి వంద. చుట్ల మధ్య కాగితపు పొరలు, వాటి సందుల్లో నూనె. ఆ నూనె వేడిని డబ్బా గోడకు చేరవేస్తుంది, కరెంటు అడ్డదారిలో దూకకుండానూ చూస్తుంది.

డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ప్రైమరీలో కరెంటు పారి కడ్డీ అయస్కాంతమవుతుంది. పాయింట్లు విడివడగానే ఆ అయస్కాంత బలం ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఆ కుదుపుకు ప్రైమరీలో రెండు మూడు వందల వోల్టులు, సెకండరీలో దానికి వంద రెట్లు పుడతాయి. కరెంటు ఎంత చటుక్కున తెగితే నిప్పు అంత బలంగా వస్తుంది. చటుక్కున తెగేలా చూసేది పాయింట్ల పక్కనే ఉండే వేలెడు కండెన్సర్. అది చెడితే కరెంటు పాయింట్ల మధ్య మెరుపుగా సాగుతూ నెమ్మదిగా తెగుతుంది. అప్పుడు కాయిల్ నిక్షేపంలా ఉన్నా నిప్పు నీరసిస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే కాయిల్ సెకనుకు వంద సార్లు ఈ పని చేయాలి. రాజమండ్రి నుంచి భీమవరం వెళ్లొచ్చేలోగా లక్షల నిప్పులు. ఇన్సులేషన్‌లో ఎక్కడైనా చిన్న బలహీనత ఉంటే ఆ లక్షల దెబ్బల్లో అది పెరుగుతూ పోతుంది.

కాయిల్‌ను దెబ్బతీసేవి

మొదటిది వేడి. రోహిణి కార్తెలో బయట 40 డిగ్రీలు దాటితే బానెట్ కింద అంతకు మించి కాగుతుంది. కారు పరుగెత్తుతున్నంతసేపు ఎదురుగాలి ఎంతో కొంత చల్లబరుస్తుంది. ఆత్రేయపురంలో పూతరేకుల కోసమో, రావులపాలెంలో అరటి గెల కోసమో ఆగి ఇంజన్ ఆపిన తరవాత గాలి ఉండదు, ఫ్యాను తిరగదు, ఇంజన్ దిమ్మ వేడి మాత్రం పైకి తన్నుతూనే ఉంటుంది. ఆపిన తరవాత పది పదిహేను నిమిషాలపాటు బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. చిన్న మజిలీ తరవాత సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాని కారు, గంట ఆగాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ కావడానికి కారణం ఇదే.

రెండోది తాళం. ఇంజన్ ఆగి ఉన్నా తాళం ఇగ్నిషన్ మీదే ఉంటే, ఆ సమయానికి పాయింట్లు మూసుకుని ఉంటే ప్రైమరీలో కరెంటు ఆగకుండా పారుతుంది. 3 ఓమ్‌ల కాయిల్‌లో 12 వోల్టులకు 4 ఆంపియర్లు, అంటే 48 వాట్ల వేడి. రైలు గేటు దగ్గర ఇంజన్ ఆపేసి, పాటల కోసం తాళం అక్కడే ఉంచి అరగంట కూర్చుంటే ఆ అరగంటా మూసిన డబ్బాలో ఓ హెడ్‌లైటు వెలిగించినట్టే.

మూడోది పొంతన లేని కాయిల్. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు బాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది, వాటికి సుమారు 1.5 ఓమ్‌ల కాయిల్ వాడతారు. రెసిస్టర్ లేని కార్లకు సుమారు 3 ఓమ్‌లది కావాలి. 1.5 ఓమ్‌లదాన్ని రెసిస్టర్ లేని కారుకు బిగిస్తే 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాయింట్లు మాడతాయి, కాయిల్ కాలుతుంది. తారుమారుగా బిగిస్తే నిప్పు నీరసంగా వస్తుంది. రెండు డబ్బాలూ బయటికి అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు సులభంగా జరుగుతుంది.

నాలుగోది తేమ, ఉప్పుగాలి. అంతర్వేది, ఉప్పాడ తీరాల్లో తిరిగే బండ్ల టెర్మినళ్లకు చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కరెంటుకు అడ్డు పెరిగి, కాయిల్‌కు అందాల్సిన 12 వోల్టులు పదికో తొమ్మిదికో దిగిపోతాయి. మూత మీద దుమ్ము, నూనె జిడ్డు, తేమ కలిస్తే నిప్పు ప్లగ్ దాకా పోకుండా ఆ పొర మీదుగానే బాడీలోకి జారుకుంటుంది.

లక్షణాలు చెప్పేవి, చెప్పనివి

బలహీనపడిన కాయిల్ ముందుగా బరువు పడినప్పుడు బయటపడుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సిలిండర్‌లోకి ఎక్కువ మిశ్రమం చేరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పు దూకడానికి ఎక్కువ వోల్టులు కావాలి. అందుకే బల్లపరుపు డెల్టా రోడ్ల మీద, గట్ల మీద నెమ్మదిగా పోతున్నంతకాలం జబ్బు దాగి ఉంటుంది. హైవే మీద లారీని దాటబోయేటప్పుడో, నిండుగా జనంతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడో ఇంజన్ మిస్ కొడుతుంది, జర్కులిస్తుంది, సైలెన్సర్‌లో టప్‌మని పేలుతుంది. సీఎన్‌జీ కిట్ బిగించిన కార్లలో ఇది ఇంకా ముందే తెలుస్తుంది. గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టులు కావాలి. పెట్రోలు మీద సాఫీగా నడిచి గ్యాసు మీద మిస్ కొట్టే కారులో ముందు చూడాల్సింది ప్లగ్‌లు, వైర్లు, కాయిల్.

ఒకే కాయిల్ ఉన్న కారులో మిస్ ఎప్పుడూ ఒకే సిలిండర్‌లో వస్తుంటే కాయిల్‌ను దాదాపు పక్కన పెట్టేయవచ్చు. కాయిల్ అన్ని సిలిండర్లకూ ఉమ్మడి. అది నీరసిస్తే దెబ్బ ఒకసారి దీనికి, ఒకసారి దానికి తగులుతుంది. ఒక్కదానికే తగులుతుంటే ఆ సిలిండర్ ప్లగ్‌లోనో, వైరులోనో, క్యాప్‌లోని ఆ గడిలోనో వెతకాలి. మైలేజీ తగ్గడం, పెట్రోలు వాసన, పికప్ లేకపోవడం లాంటివి కాయిల్‌వల్ల రావచ్చు. అవే లక్షణాలు కార్బురేటర్ వల్లా రావచ్చు కాబట్టి వాటితో ఏదీ తేలదు.

పెట్రోలా, కరెంటా?

వేడికి ఆగిపోయిన పాత కారులో మొదట తేల్చాల్సిన ప్రశ్న ఇది. పెట్రోలు పంపులోనూ పైపులోనూ వేడికి పెట్రోలు ఆవిరై బుడగలు కడితే కార్బురేటర్‌కు ఇంధనం అందదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. వేడి కాయిల్ చూపించే లక్షణాలే ఇదీ చూపిస్తుంది: మజిలీ తరవాత స్టార్ట్ కాకపోవడం, చల్లారాక మామూలైపోవడం.

రాజమండ్రి నుంచి కొవ్వూరు వైపు, నాలుగు కిలోమీటర్లకు పైగా సాగే రోడ్డు కం రైలు వంతెన మీద, మిట్టమధ్యాహ్నం ఒక కారు ఆగిపోయిందనుకుంటే, వెనక హారన్ల మోత మధ్య జరిగే పని సాధారణంగా ఒకటే. సీసాలో నీళ్లు తెచ్చి కాయిల్ మీద, పంపు మీద, రేడియేటర్ మీద ఎడాపెడా పోయడం. కాసేపటికి కారు కదులుతుంది; ఏ నీళ్లు పని చేశాయో మాత్రం తెలియదు. రేపు మళ్లీ ఆగుతుంది, షెడ్డులో చెప్పడానికి సమాచారం ఉండదు. కారును ముందు సురక్షితమైన చోటికి తోసి, తడిబట్ట ఒక్క పంపు మీద మాత్రమే వేసి, మూడు నాలుగు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టాలి. స్టార్ట్ అయితే అనుమానం పెట్రోలు వైపు. కాకపోతే పంపు మీది బట్ట తీసి, బాగా పిండి, కాయిల్ డబ్బా నడుముకు చుట్టాలి. మూత మీద, టెర్మినళ్ల మీద చుక్క నీరు పడకూడదు. ఇప్పుడు స్టార్ట్ అయితే అనుమానం కాయిల్ వైపు మొగ్గుతుంది. అయితే ఆ పది నిమిషాల్లో బండి మొత్తం కొంత చల్లబడి ఉంటుంది కాబట్టి ఇది ఇంకా రుజువు కాదు. ఒకే క్రమం రెండు మూడు సార్లు పునరావృతమైతే విలువ ఉంటుంది.

అంతకంటే సూటి పద్ధతి ఆగిన క్షణంలోనే నిప్పు చూడటం. నిప్పు బలంగా ఉంటే కాయిల్ నిర్దోషి, పెట్రోలు వైపు పోవాలి. ఎలా చూడాలో కింద వస్తుంది.

జాగ్రత్తలు

కాయిల్ నుంచి వచ్చే షాక్ గట్టిగానే తగులుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న కార్లలో అది ప్రమాదకరం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్షల దరిదాపుల్లో ఉండకూడదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. కార్బురేటర్, పెట్రోలు పైపు దగ్గర నిప్పు రాజేయకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే ముందు లీకు సంగతి చూడాలి. లావు వైరును ఊడదీసి గాలిలో వదిలేసి ఇంజన్ తిప్పకూడదు. బయటికి పోయే దారి లేని నిప్పు కాయిల్ లోపలే దారి చేసుకుంటుంది. మంచి కాయిల్ కూడా అలా పాడవుతుంది, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటే అదీ పోతుంది. వైరు మొన ఎప్పుడూ ఇంజన్ దిమ్మకు దగ్గరగానే ఉండాలి.

వరసగా ఎనిమిది పరీక్షలు

1. కంటితో. కాయిల్ మూత మీద బీటలు, డబ్బా అంచున నూనె చెమ్మ, మధ్య గొట్టంలో మసి లేదా తెల్లటి పొడి ఉన్నాయేమో చూడాలి. నూనె కారిన కాయిల్‌కు మరో పరీక్ష అక్కర్లేదు, మార్చాల్సిందే. మూత మీద సన్నటి నల్ల గీత కనిపిస్తే నిప్పు అక్కడ దారి చేసుకున్నట్టు. తరవాత డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి, పొడి బట్టతో తుడిచి, ఎండకు ఎదురుగా పట్టి లోపలి గోడను వాలుగా చూడాలి. రెండు ఇత్తడి గడుల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు వెంట్రుక మందాన గీత కనిపిస్తే అది మురికి కాదు. కరెంటు కాల్చుకుంటూ పోయిన బాట. బట్టతో రుద్దినా పోదు. మధ్యలోని బొగ్గు బుడిపెను వేలితో నొక్కితే స్ప్రింగు మీద లోపలికి పోయి పైకి రావాలి. రోటర్ మొన మాడి అరిగిపోకూడదు.

2. కాయిల్‌కు 12 వోల్టులు. తాళం ఇగ్నిషన్‌లో పెట్టి, పాయింట్లు విడిగా ఉన్న స్థితిలో ప్లస్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. బాలస్ట్ లేని కారులో బ్యాటరీ దగ్గర ఎంత ఉందో దాదాపు అంతే ఇక్కడా రావాలి. పాయింట్లు మూసినా అర వోల్టుకు మించి తగ్గకూడదు. ఎక్కువ తగ్గితే తప్పు ఇగ్నిషన్ స్విచ్‌లో, ఫ్యూజు దగ్గర, లేదా చిలుము పట్టిన కనెక్షన్లో ఉంది. దీన్ని రోడ్డు మీద తేల్చే చిట్కా ఒకటి ఉంది. బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కు ఒక వైరును నేరుగా కలిపి స్టార్ట్ చేయాలి. బండి చక్కగా నడిస్తే కాయిల్ బాగుంది, దానికి కరెంటు తెచ్చే దారి బాగాలేదు. ఆ వైరు తీసేదాకా తాళం తిప్పినా ఇంజన్ ఆగదన్నది మరవకూడదు. బాలస్ట్ ఉన్న కారులో దీన్ని నిమిషానికి మించి ఉంచకూడదు.

3. టెస్ట్ ల్యాంప్. 12 వోల్టుల చిన్న బల్బును కాయిల్ మైనస్ టెర్మినల్‌కూ బాడీకీ కలిపి సెల్ఫ్ కొట్టాలి. బల్బు మిణుకుమిణుకుమంటే పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి, ప్రైమరీ తెగలేదు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు లేదా వాటి ముఖాలు మాడిపోయాయి. అసలు వెలగకపోతే కాయిల్ మైనస్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైరును ఊడదీసి మళ్లీ చూడాలి. అప్పుడు వెలిగితే కాయిల్ బాగుంది. పాయింట్లు అతుక్కున్నాయి, లేదా కండెన్సర్ షార్ట్ అయింది, లేదా వైరు బాడీకి తగులుతోంది. అప్పుడూ వెలగకపోతే, ప్లస్ దగ్గర 12 వోల్టులు ఉన్నట్టు ముందే తేలింది కాబట్టి, ప్రైమరీ తెగినట్టే. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు పోయే మెత్తటి చిన్న వైరును ప్రత్యేకంగా చూడాలి. పైన తొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగి ఉండవచ్చు. కదిలినప్పుడల్లా అంటుకుంటూ విడిపోతూ మనిషిని వారాల తరబడి తిప్పుతుంది.

4. నిప్పు పరీక్ష. కాయిల్ నుంచి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ వైపు ఊడదీసి, మొనను ఇంజన్ దిమ్మకు సుమారు 6 మిల్లీమీటర్ల దూరంలో, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో గట్టిగా పట్టాలి. మరొకరు సెల్ఫ్ కొట్టాలి. నీలంగా, లావుగా, టక్‌టక్‌మని శబ్దంతో దూకితే నిప్పు బాగున్నట్టు. పసుపుగానో ఎర్రగానో సన్నటి దారంలా వచ్చినా, దూరం తగ్గిస్తేగాని దూకకపోయినా నీరసమే.

6 మిల్లీమీటర్లు ఎందుకన్నది తెలుసుకోదగ్గది. ప్లగ్ విప్పి, దిమ్మకు ఆనించి, దాని మొనల మధ్య నిప్పు చూసి తృప్తిపడటం రివాజు. ప్లగ్ గ్యాప్ మిల్లీమీటర్‌కు లోపే. బయటి గాలిలో ఆ సందు దాటడానికి కొద్ది వేల వోల్టులు చాలు, చావుబతుకుల్లో ఉన్న కాయిల్ కూడా అంత ఇవ్వగలదు. సిలిండర్‌లో గాలి ఎన్నో రెట్లు నొక్కుకుని ఉంటుంది. అదే సందుకు అక్కడ ఎన్నో రెట్ల వోల్టులు కావాలి. బయట నిప్పు వచ్చిన ప్లగ్ లోపల రాకపోవడంలో విడ్డూరమేమీ లేదు. వెడల్పు సందుతో పరీక్షిస్తేనే లోపలి కష్టాన్ని బయట చూసినట్టవుతుంది.

కాయిల్ వైరు దగ్గర నిప్పు బలంగా ఉండి ప్లగ్‌ల దగ్గర లేకపోతే కాయిల్‌ను వదిలి రోటర్, క్యాప్, ప్లగ్ వైర్ల మీద పడాలి.

5. పాయింట్లు, కండెన్సర్. నిప్పు నీరసంగా ఉంటే కాయిల్ కన్నా ముందు వీటిని చూడాలి. వీటి ఖరీదు తక్కువ, చెడిపోయే అవకాశం ఎక్కువ. పాయింట్ల ముఖాలను విడదీసి చూస్తే ఒకదాని మీద చిన్న గుంట, రెండోదాని మీద అంతే బుడిపె కనిపించవచ్చు. ఒకవైపు లోహం కరిగి రెండోవైపు పేరుకుంది. అది కండెన్సర్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. ఇంజన్ తిరుగుతుండగా పాయింట్ల మధ్య పెద్ద నీలి మెరుపులు కనబడినా అదే అర్థం. కొత్త కండెన్సర్ బిగించి, పాయింట్లను శుభ్రం చేసి లేదా మార్చి, ఫీలర్ గేజ్‌తో కారు మాన్యువల్‌లో ఉన్న గ్యాప్ పెట్టి (చాలా కార్లకు 0.35 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది) నాలుగో పరీక్షను మళ్లీ చేయాలి. నిప్పు నీలంగా మారితే పని అక్కడితో అయిపోయింది.

6. ఓమ్‌లు. తాళం తీసి, కాయిల్ వైర్లన్నీ ఊడదీసి కొలవాలి. ముందు మల్టీమీటర్ రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనించి వచ్చిన అంకెను రాసుకుని, తరవాత వచ్చిన కొలతలోంచి తీసేయాలి. చిన్న ఓమ్‌ల కొలతలో ఆ పాయింటు మూడో నాలుగో కూడా తేడా తెస్తుంది. ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య ప్రైమరీ: బాలస్ట్ లేని కాయిల్‌కు సుమారు 3 నుంచి 4 ఓమ్‌లు, బాలస్ట్ ఉన్నదానికి సుమారు 1.5. మధ్య గొట్టానికీ ఒక చిన్న టెర్మినల్‌కూ మధ్య సెకండరీ: చాలా డబ్బా కాయిళ్లకు 5 వేల నుంచి 15 వేల ఓమ్‌ల లోపు. కచ్చితమైన అంకెకు ఆ కారు మాన్యువలే ప్రమాణం. టెర్మినల్‌కూ డబ్బా లోహానికీ మధ్య అసలు కొలతే రాకూడదు. వస్తే ఇన్సులేషన్ పోయినట్టే.

కాయిల్ వేడిగా ఉన్నప్పుడు అంకె పెరగడం సహజం. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 3 ఓమ్‌లున్న కాయిల్ 90 డిగ్రీల దగ్గర సుమారు 3.7 చూపిస్తుంది. అది జబ్బు కాదు. వేడిలో అంకె ఆకాశాన్నంటితే తీగ లోపల ఎక్కడో తెగి, వేడికి ఎడం పెరుగుతోందన్నమాట.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. మల్టీమీటర్ తన చిన్న బ్యాటరీతో కొలుస్తుంది. కాయిల్ లోపలి పొరలు ఓడేది ఇరవై వేల వోల్టుల దగ్గర. అంకెలు తప్పుగా వస్తే కాయిల్ చెడ్డదని తేలుతుంది. సరిగా వచ్చాయంటే తీగలు తెగలేదని మాత్రమే తేలుతుంది. "మీటర్లో బాగానే ఉంది" అన్న మాటతో ఆగిపోయిన చోటే చాలా కాయిళ్లు తప్పించుకుంటాయి.

7. వేడి పరీక్ష. నాలుగో పరీక్షను చల్లటి ఇంజన్ మీద ఒకసారి, అరగంట తిరిగి వచ్చి ఇంజన్ ఆపి పది నిమిషాలు బానెట్ మూసి ఉంచాక మరోసారి చేయాలి. చల్లగా నీలం, వేడిగా పసుపు అయితే, కండెన్సర్ అప్పటికే కొత్తది అయితే, కాయిల్ మీద అభియోగం బలపడినట్టే. డబ్బాను చేత్తో తాకి చూడటం ఒక ఆధారం మాత్రమే. నడిచిన తరవాత కాయిల్ వెచ్చబడటం సహజం, ఇంజన్ పక్కనే ఉంటే ఇంకా వేడెక్కుతుంది. ఒక్క క్షణం కూడా చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంటే ఓమ్‌ల పొంతన, బాలస్ట్ సంగతి మళ్లీ చూడాలి.

8. మార్చి చూడటం. చివరి తీర్పు ఇదే. బాగుందని తెలిసిన, అవే ఓమ్‌ల కాయిల్‌ను తాత్కాలికంగా కట్టి, పాతదాన్ని అలాగే ఉంచి వైర్లు మాత్రం మార్చి, బండి మొండికేసిన పరిస్థితుల్లోనే నడపాలి. తాత్కాలిక కాయిల్ డబ్బా కదలకుండా బాడీకి బిగిసి ఉండాలి. జబ్బు పోతే, పాత కాయిల్ వైర్లు తిరిగి కలిపితే జబ్బు తిరిగి వస్తే, ఇక సందేహం లేదు. రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. వైర్లు ఊడదీసి బిగించడంలోనే ఒక చిలుము పట్టిన కనెక్షన్ శుభ్రపడి, ఆ ఘనత కొత్త కాయిల్‌కు దక్కడం మామూలే.

ముసురు పట్టినప్పుడు

వేసవి జబ్బు కాయిల్‌ను చూపిస్తే, శ్రావణ భాద్రపదాల జబ్బు ఎక్కువగా క్యాప్‌నూ వైర్లనూ చూపిస్తుంది. రాత్రంతా ముసురు పట్టి, తెల్లారి స్టార్ట్ కాని కారు, నీళ్లు నిలిచిన రోడ్డులో దిగి ఫ్యాను చిమ్మిన నీటికి ఆగిన కారు పొడిబట్టతో తుడిస్తే చాలావరకు కదులుతాయి. క్యాప్ విప్పి లోపలి చెమ్మ తుడిచి, వైర్లను చివరిదాకా తుడిచి, ప్లగ్ తొడుగుల్లో నీరు లేకుండా చూడాలి.

ఓడుతున్న చోటు కనిపెట్టడానికి చీకటి మంచి సాధనం. రాత్రి వేళ, దీపాలు లేని చోట బానెట్ ఎత్తి ఇంజన్ నడుస్తుండగా చూస్తే, ఇన్సులేషన్ పోయిన వైర్ల వెంట, క్యాప్ అంచున, కాయిల్ గొట్టం చుట్టూ నీలి వెలుగు పాకుతూ కనిపిస్తుంది. కనబడకపోతే వైర్ల మీద నీటి తుంపర పలచగా చల్లి మళ్లీ చూడాలి. మెరిసిన భాగమే మార్చాల్సినది. వేళ్లు, బట్టలు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి.

పాయింట్లు లేని కార్లు

తరవాతి కార్లలో పాయింట్ల పని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ లేదా ఇంజన్ కంప్యూటర్ చేస్తుంది. వీటి కాయిళ్ల ప్రైమరీ ఒక ఓమ్‌కు అటూ ఇటూగా, కొన్నిట్లో ఇంకా తక్కువగా ఉంటుంది. పాత కారు అంకెలతో వీటిని తూచకూడదు. రెండేసి సిలిండర్లకు ఒక కాయిల్ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 1, 4 ఒక జంట, 2, 3 మరో జంట. మిస్ ఒక జంటలో ఇద్దరికీ వస్తే ఆ కాయిల్‌ను, ఒక్కరికే వస్తే ప్లగ్‌నో వైరునో పట్టుకోవాలి. ప్రతి ప్లగ్ మీదా విడిగా కాయిల్ ఉంటే పని ఇంకా సులువు. స్కానర్‌లో పి0301 వస్తే మొదటి సిలిండర్ మిస్ అని అర్థం. ఆ కాయిల్‌ను రెండోదానితో తారుమారు చేసి నడపాలి. కోడ్ పి0302కు మారితే కాయిలే దోషి. మారకపోతే అది నిర్దోషి.

కొత్త కాయిల్ బిగించాక

కొనేటప్పుడు పాత కాయిల్‌ను వెంట తీసుకెళ్లాలి. అంతకన్నా ముఖ్యంగా కొత్తదాని ప్రైమరీ ఓమ్‌లను దుకాణంలోనే కొలిపించాలి. బాలస్ట్‌తో వాడేదా, నేరుగా వాడేదా అన్నది చాలా కాయిళ్ల డబ్బా మీదే రాసి ఉంటుంది. పాత లూకాస్ తరహా కాయిళ్ల మీద ప్లస్, మైనస్ గుర్తులకు బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉండవచ్చు. మొదటిది స్విచ్ నుంచి వచ్చే వైరుకు, రెండోది డిస్ట్రిబ్యూటర్ పాయింట్లకు. తారుమారైనా కారు నడుస్తుంది కానీ ప్లగ్‌లకు ఎక్కువ వోల్టులు అవసరమై నిప్పు నీరసిస్తుంది, కొత్త కాయిల్ కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. మంచి కాయిల్‌నైనా చంపేసేవి వెడల్పైపోయిన ప్లగ్ గ్యాపు, తెగిన వైర్లు కాబట్టి అరిగిన ప్లగ్‌లనూ బీటలిచ్చిన వైర్లనూ అప్పుడే మార్చేయాలి. టెర్మినళ్లను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పలచగా గ్రీజు పూస్తే ఉప్పుగాలి వాటి జోలికి త్వరగా రాదు.

బిగించిన మర్నాడు పొద్దున్నే చల్లగా స్టార్ట్ కావడం బాగైందనడానికి సాక్ష్యం కాదు; పాత కాయిల్ కూడా పొద్దున్నే స్టార్ట్ అయ్యేది. ఎండవేళ నిండు బరువుతో అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలు బానెట్ మూసి ఉంచి తాళం తిప్పాలి. అప్పుడు మొదటి సెల్ఫ్‌కే అందుకుంటే పని పూర్తయినట్టు.